నల్లా నీటి లెక్క

పట్టణమున కాపురముండు గృహస్థులలో తమ యింటికి నీరు ఏ దారిని వచ్చుచున్నదో యెరిగినవారు మిక్కిలి తక్కువ. బియ్యము ఏ జిల్లాదో, పాలు ఏ డెయిరీవో అడిగి తెలిసికొందురు. నీటి విషయమున మాత్రము "నల్లా వచ్చిందా?" యను ప్రశ్నతో జిజ్ఞాస ముగియును. వచ్చినచో మన యదృష్టము. రానిచో లైన్‌మన్ దోషము. ఈ రెండు మాటల నడుమ ఒక శాస్త్రము కలదు. ఆ శాస్త్రము మా వీథిలో ఒక యేడాది నడచిన తగవును ఎంతవరకు తీర్చినదో, ఎచ్చట తీర్చలేకపోయినదో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేముండునది మీర్‌పేట. దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి.నగరునకును దక్షిణముగా, చెరువుల నడుమ నున్న పల్లె యిది. పొలములు ప్లాట్లైనవి, ప్లాట్లు కాలనీలైనవి, 2019లో జిల్లెలగూడతో కలిపి దీనిని నగరపాలక సంస్థగా చేసిరి. పల్లెగా నున్నప్పుడు చెరువు నీటికి ఆధారము. పట్టణమైన పిమ్మట చెరువులోనికి మురుగు చేరెను. అంతట బోర్లు వేసిరి. బోర్లు ఎండగా ట్యాంకర్లు వచ్చెను. కడపట కృష్ణ వచ్చెను.

కృష్ణ వచ్చెనని యొక మాటలో చెప్పితిమి గాని, అది సామాన్యమైన రాక కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదును ముంచిన తరువాత, మరుసటి యేట విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆ యాలోచనల ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన చెరువులే ఊరికి త్రాగునీరును ఇచ్చెను. అవి నగరమునకు పడమట మెట్టన నుండుటచే నీరు పల్లమునకు తానై వచ్చినది. కృష్ణానది సంగతి అట్టిది కాదు. నాగార్జునసాగరు నీరు నల్లగొండ జిల్లాలో కోదండాపురమున శుద్ధి పొంది, అంచెలంచెలుగా పంపులచే ఎత్తబడి గున్‌గల్ చేరి, అచ్చటినుండి మా పొరుగుననే యున్న సాహెబ్‌నగరునకు దిగును. నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణము. మొదటి దశ 2004లో నడకకు వచ్చినది. తరువాత మరి రెండు దశలు జరిగినవి. గంగను దించిన భగీరథుని కథ మనకు పిన్ననాటినుండి తెలియును. కృష్ణను ఎత్తుచున్నవారి కథ పాఠ్యపుస్తకములలో నింకను చేరలేదు.

ఇంత దూరము వచ్చిన నీరు మా కాలనీలో చివరి నాలుగువందల మీటర్లు నడువలేకపోయెను. కాలనీ నేల చెరువు వైపునకు వాలియున్నది. దిగువ వీథిలో నీరు వదలిన పావుగంటకే సంపులు నిండి పొర్లును. గొట్టపు కొసనున్న మెట్ట వీథిలో ముప్పది ఇండ్లు. అక్కడ నీరు రోజు విడిచి రోజు వచ్చునను మాట కాగితము మీదిది. వచ్చిన రోజున కూడ దిగువ వీథివారి మోటార్లు ఆగిన తరువాత, దారమువలె, అరగంట. ఆ యరగంట ఏ జాములో వచ్చునో తెలియదు గనుక ఇల్లాండ్రు బిందెలు పట్టుకొని కాచియుందురు. ఇంటి పని, కూలి పని, పిల్లల చదువు అన్నియు ఆ దారము చుట్టు తిరుగుచుండెను.

కాలనీ సంఘమువారు దీనికొక మార్గము నిర్ణయించిరి. గొట్టము చెడిపోయినదనియు, ఇంటికి పదివేల రూపాయలు చందా వేసికొని క్రొత్త గొట్టమునకు అర్జీ పెట్టవలెననియు తీర్మానము. చందా ఎవరికి భారమో చెప్పనక్కరలేదు. నీరు రానివారిలో ఎక్కువమంది అద్దెకుండువారు, తాపీపనివారు, ఒంటరి స్త్రీలు. వారు సభలో మాటాడలేదు. మాటాడుటకు వారిని పిలువనులేదు.

ఆ సమయమున మా వీథిలోని యొక ఉపాధ్యాయుని కుమారుడు, ఎం.టెక్ చదువుచున్నవాడు, తన పరిశోధనకు మా కాలనీ గొట్టములనే తీసికొనెను. అతని వెంట తిరిగి మేము నేర్చినది మొదట చెప్పెదము.

నీటి నమూనా యనగా కంప్యూటరులో కట్టిన ఊరు. అందు ఇండ్లుండవు, గుళ్లుండవు. గీతలును చుక్కలును మాత్రముండును. గీత గొట్టము, చుక్క కూడలి. ప్రతి గొట్టమునకు పొడవు, వెడల్పు, లోపలి గరుకుతనము చెప్పవలెను. ప్రతి కూడలికి నేల యెత్తు, అక్కడ వాడుకయగు నీరు చెప్పవలెను. అంతట యంత్రము రెండే సూత్రములను పట్టుకొని లెక్క చేయును. కూడలికి వచ్చిన నీరంతయు కూడలినుండి పోవలెను. ఏ దారిని చుట్టి వచ్చినను బయలుదేరిన చోటికి చేరునప్పటికి ఒత్తిడి లాభనష్టములు సున్న కావలెను. ఈ లెక్కను చేతితో చేయు పద్ధతిని అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హార్డీ క్రాస్ 1936లో ప్రకటించెను. తోచిన అంకెలతో మొదలుపెట్టి, ఒక్కొక్క చుట్టునందలి తప్పును కొంచెము కొంచెముగా దిద్దుచు పోవుటయే అందలి కిటుకు. నేడు ఆ పనిని 1993లో అమెరికా పర్యావరణ సంస్థ వెలువరించిన ఈపానెట్ అను ప్రోగ్రాము క్షణములో చేయును. దానిని ఎవరైనను వెల లేక పొందవచ్చును.

గరుకుతనము మాత్రము కంటికి కనబడునది కాదు. గొట్టము భూమిలో నుండును. హేజెన్, విలియమ్స్ అను ఇద్దరు ఇంజనీర్లు 1905లో పట్టికలు ప్రకటించి, దానికొక అంకె పెట్టిరి. దానిని సి యందురు. నునుపైన క్రొత్త గొట్టమునకు 130 ప్రాంతము. నలువది యేండ్లు తుప్పుపట్టిన ఇనుప గొట్టమునకు 80కి దిగువ. ఈ అంకె సగమైనచో, అంతే నీరు పారుటకు పోవు ఒత్తిడి మూడున్నర రెట్లు దాటును. వెడల్పు సంగతి మరింత కఠినము. నూరు మిల్లీమీటర్ల గొట్టము లోపల పెచ్చు కట్టి తొంబదియైనచో ఒత్తిడి నష్టము మూడింట రెండువంతులు పెరుగును. కంటికి పది, నీటికి అరువదియేడు.

ఇక నమూనాను క్యాలిబ్రేటు చేయుట యనగా, అది చెప్పు ఒత్తిడియు నల్లా కడ కొలిచిన ఒత్తిడియు ఏకమగునట్లు తెలియని అంకెలను సవరించుట. వీణకు శ్రుతి కూర్చుటవంటిదని ఆ చిన్నవాడు చెప్పెను. మాకా యుపమానము సగమే నచ్చినది. శ్రుతి తప్పిన వీణ చెవికి తెలియును. శ్రుతి తప్పిన నమూనా తెలియదు. అది ఎప్పుడును ఏదో యొక యంకెను, రెండు దశాంశములతో సహా, ధైర్యముగా చెప్పుచునే యుండును.

కొలుచుటకు ముందు కొలతపనిముట్టును కొలువవలెనట. ఒత్తిడి గేజిని మా యింటి మేడ మీది ట్యాంకు గొట్టమునకు తగిలించి, ట్యాంకులోని నీటిమట్టము నుండి గేజి వరకు టేపుతో కొలిచెను. పదిన్నర మీటర్లు. గేజి పదునొకటి చూపెను. "అర మీటరు తీసివేయవలెను" అని కాగితముపై వ్రాసి గేజి వెనుక అంటించెను. నేల యెత్తులకు తాపీమేస్త్రీ నడిగి, వారు గోడలకు మట్టము చూచు సన్నని పారదర్శకపు గొట్టము తెచ్చికొనెను. ఇంటింటి గుమ్మము కడ దానిలోని నీటిమట్టము గుర్తించుచు ఇద్దరు మేస్త్రీలు రెండు దినములు తిరిగిరి. లక్షల వెలగల యంత్రము చేయు పనిని ఆ గొట్టము నెమ్మదిగా, చక్కగా చేసెను. తరువాత నీరు ఎవరును వాడని వేళ మెట్ట వీథిలో గేజి పెట్టగా 20 మీటర్లు చూపెను. పెద్ద ట్యాంకులోని నీటిమట్టమునకును ఆ వీథికిని గల యెత్తు సరిగా అంతే. నీరు నిలిచియున్నప్పుడు లోపమేమియు లేదన్నమాట, నడిచినప్పుడే లోపము.

నీరు నడచునప్పుడు కొలుచుట యెట్లు? నీటి దినమున మొదటిసారి కొలువబోగా అంకెలు నిలువలేదు. ఒక మోటారు మ్రోగగానే ముల్లు పడిపోవును, ఆగగానే లేచును. మెట్ట వీథిలో ముల్లు సున్న నుండి కదలలేదు. అక్కడ నల్లా మూతికి అరచేయి యడ్డుపెట్టి చూచితిమి; నల్లా మా చేతిని లోనికి పీల్చినది. నీరీయవలసిన నల్లా గాలిని త్రాగుచుండెను.

ఇది నవ్వుటకు తగిన వింత కాదు. గొట్టములో ఒత్తిడి సున్నకు దిగినప్పుడు దాని సందులగుండ బయటి నీరు లోనికి పోవును. ప్రక్కననే మురుగు కాలువ యున్నచో మురుగే పోవును. 2009 మే నెలలో ఈ నగరమందలి భోలక్‌పూరున కలుషిత జలము త్రాగి పలువురు మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. మోటారు బిగించిన గృహస్థుడు తన బిందెను ముందుగా నింపుకొనుచున్నానని మాత్రమే తలచును. పొరుగువాని గొట్టములోనికి మురుగును పిలుచుచున్నానని తలపడు. చదివిన యిండ్లలోనే యీ మోటార్లు అధికముగా నుండుటను మేము గమనించితిమి.

కావున కొలత దినమున ఒక గంట దిగువ వీథివారందరును మోటార్లు ఆపి నల్లాలు కట్టవలెనని మా మనవి. నీరు వచ్చు గంటలో నీరు మానుకొండని యడుగుట సులభమా? కొందరు తలుపు తీయలేదు. ఒకరు "మీకు జీతమెవరిస్తున్నారు సార్?" అని యడిగిరి. చివరకు ఒప్పించినవారు మా వీథి స్త్రీలు. వారు ఇల్లిల్లు తిరిగి, ఆ గంట నీరు వృథా కాదనియు, మెట్ట వీథి ముప్పది సంపులలోనికే పోవుననియు, ఒక్క దినము ఆ యిండ్లకు పండుగ చేయుటకు అభ్యంతరమేమనియు అడుగగా, కాదనుటకు మొగము చాలినవారు లేకపోయిరి.

ఆ గంటలో కళాశాలనుండి తెచ్చిన ప్రవాహ మీటరు సెకనుకు 15 లీటర్లు చూపెను. మెట్ట వీథి కొసన ఒత్తిడి 4 మీటర్లు. 1999 నాటి కేంద్ర ప్రభుత్వపు మాన్యువలు ప్రకారము ఒంటి అంతస్తు ఇంటికైనను 7 మీటర్లుండవలెను. ట్యాంకు నుండి కొస వరకు గొట్టము 800 మీటర్లు, వెడల్పు 150 మిల్లీమీటర్లు. సి 130 యని వేసినచో నష్టము నాలుగున్నర మీటర్లే కావలెను. కొసన పదునైదున్నర మిగులవలెను. జరిగిన నష్టమో 16. నమూనాలో 130 తీసి 65 వేయగా, యంత్రము కొసన 3.8 మీటర్లని చెప్పెను. కొలిచినది 4.

సంఘపు పెద్దలకు పరమానందమైనది. "లెక్క సరిపోయినది గదా! గొట్టము లోపల తుప్పు పట్టినదని మేము చెప్పుచునే యున్నాము. ఈ కాగితమే అర్జీకి జతపరుపుడు" అనిరి. వారి తొందరలో తప్పు పట్టుటకు లేదు. పదునైదు రోజుల శ్రమకు అంకె కలిసినది, ఇంకేమి కావలెను?

ఆ చిన్నవాడు కాగితమీయలేదు. గొట్టము వేసి పదేండ్లయినను కాలేదనియు, అది లోపల సిమెంటు పూసిన డి.ఐ. గొట్టమనియు, దానికి 65 అను సంఖ్య వచ్చుట ఇరువదియేండ్ల యువకునికి అరువదియేండ్ల ముదిమి వచ్చుటవంటిదనియు వాదించెను. ఒకే యంకెను ఒకే కొలతకు సరిపుచ్చుట కష్టము కాదు. గరుకుతనము పెంచినను సరిపోవును. వెడల్పు తగ్గించినను సరిపోవును. వాడుక హెచ్చించినను సరిపోవును. ఒక తప్పు మరియొక తప్పును కప్పి, రెండును కలిసి నిజమువలె నటించును. ఈ శాస్త్రమున పేరెన్నిక గన్న టామస్ వాల్‌స్కీ 1983 నాటి తన వ్యాసమున దీనికొక మందు చెప్పెను: ఒక్క పరిస్థితిలో కొలిచి తృప్తిపడక, నీరు తక్కువగా పారునప్పుడును, హెచ్చుగా పారునప్పుడును కొలిచినగాని దోషము గరుకుతనమందున్నదో వాడుకయందున్నదో తేలదు. నీరు సగము పారినప్పుడు నష్టము పాతికవంతు కంటె కొంచెమే యెక్కువ గనుక, నెమ్మదియైన ప్రవాహమున మంచి గొట్టమును చెడ్డ గొట్టమును ఒక్కరీతిగనే కనబడును.

మా విషయమున అంతకంటె సులభమైన పరీక్ష యుండెను. గొట్టమంతయు గరుకైనచో ఒత్తిడి దారిపొడుగున వాలువలె సమముగా తగ్గవలెను. ఒక్కచోట అడ్డముండినచో అక్కడ గోడవలె దిగవలెను. కనుక మరుసటి నీటి దినమున, అదే యేర్పాటుతో, నడుమ నాలుగిండ్ల కడ గేజి పెట్టిరి. నాలుగువందల మీటర్ల వరకు పోయినది రెండు మీటర్లకు కొంచెము పైన. తుప్పు వాదము ప్రకారము ఎనిమిది పోవలెను. ఆరువందల కడ చూడగా పదునైదు. నడుమనున్న రెండువందల మీటర్లలో పన్నెండు మీటర్లకు పైగా పోయినది. అక్కడ ఏదో యున్నది. పటమున ఏమియు లేదు. పైన సిమెంటు రోడ్డు.

ఆ రోడ్డు ప్రక్కన కూరలమ్ము ముదుసలి యొకతె చాలసేపటినుండి మమ్ము చూచుచుండెను. చిన్నవాడు కంప్యూటరు తెరచి గీతలు చూపుచుండగా ఆమె దగ్గరకు వచ్చి, "నీ పెట్టెల నీళ్లు మస్తుగున్నయి బిడ్డా, నా బిందెల సుక్క లేదు" అనెను. అతడు, "ఇక్కడ భూమిల ఏమన్న మూత ఉండెనా అవ్వా?" అని యడిగెను. "ఉండకేం? ఇనుప మూత. రోడ్డు ఎయ్యకముందు దాని మీదనే గంప పెట్టుకునేదాన్ని. ఎండకు కాలుతదని గోనె పరిసేదాన్ని. గీడ" అని కాలితో చూపినది. అంతవరకు ఆమెను ఎవరును అడుగలేదు. అర్జీలో ఆమె వ్రేలిముద్ర మాత్రము కలదు.

నీటి కచేరీవారు వచ్చి అక్కడ రోడ్డు పగులగొట్టగా మూతయు, మూత క్రింద వాల్వును కనబడెను. ఇరువదికి మించిన చుట్లు తిరుగవలసిన వాల్వు రెండు చుట్లు మాత్రమే తెరచియుండెను. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మూసిరో తేలలేదు. మరమ్మతునకు మూసి, తెరచుట నడుమ ఆగిపోయి, అంతలో రోడ్డు పడియుండునని ఊహ. దానిని పూర్తిగా తెరచిరి. తరువాతి నీటి దినమున సెకనుకు 15 లీటర్లే పారునట్లు అమర్చి చూడగా కొసన ముల్లు 15 మీటర్ల కడ నిలిచినది. 130 అను సంఖ్యతో నమూనా చెప్పినది పదునైదున్నర. అంతేగాక, మొదటి దినములలో కొలిచి, సవరణలో వాడక కవరులో అంటించియుంచిన కొన్ని కొలతలను అతడు ఇప్పుడు విప్పెను. వాల్వు స్థితిని నమూనాలో చేర్చగా అవియు సరిపోయినవి. సవరణకు వాడిన కొలతతోనే పరీక్ష చేయుట, ప్రశ్నపత్రమును ముందుగా చూపి పరీక్ష పెట్టుటవంటిదని అతని గురువులు చెప్పుదురట. గొట్టమునకు వేసిన చందా తీర్మానము రద్దయినది. మూడిండ్లవారు ముందుగా కట్టిన సొమ్ము తిరిగి యిచ్చిరి.

ఇంతటితో అన్నియు చక్కబడినవని వ్రాసినచో చదువరులు సంతోషింతురు గాని అది నిజము కాదు. మోటార్లు మిగిలినవి. ఈపానెట్ వంటి ప్రోగ్రాములు పుట్టినది గొట్టములు ఇరువది నాలుగు గంటలును నిండియుండు దేశములలో. అక్కడ ప్రజలకెంత కావలెనో అంత తీసికొందురు. ఇక్కడ నల్లా తెరచినంతసేపు ఎంత వచ్చిన అంత పట్టుదురు. మరునాడు వచ్చునో రాదో యను భయముతో పట్టుదురు. వచ్చినచో నిలువయున్నది "పాత నీరు" అని పారబోయుదురు. 2020లో వెలువడిన క్రొత్త ప్రతిలో ఒత్తిడినిబట్టి నీటి రాబడిని లెక్కించు వసతి చేర్చిరి. అది మనకు కొంత మేలు. కాని గృహస్థుని భయమునకు ఏ అంకె వేయవలెనో అది చెప్పదు. మా యభిప్రాయమున ఈ నగరపు నీటి నమూనాలలో అన్నిటికంటె తెలియని సంఖ్య గొట్టపు గరుకుతనము కాదు, పొరుగువాని మీది నమ్మకము. నీరు చెప్పిన గంటకు చెప్పినంత వచ్చునని యేడాదిపాటు చూపినచో ఆ సంఖ్య తానై మారునని చిన్నవాడు నమ్ముచున్నాడు. మాకంత త్వరగా నమ్మకము లేదు.

దిగువ వీథిలో మోటార్లు బిగించిన ఎనమండుగురిలో ఐదుగురు తీసివేసిరి. ముగ్గురు తీయలేదు, వారిలో ఒకరు సంఘమునకు కోశాధికారి. నల్లా పీల్చుటను చేయిపెట్టి చూడుడని ఆయనను మెట్ట వీథికి రెండు మారులు పిలిచితిమి. రెండు మారులును ఆయనకు పెండ్లిపను లుండెను.

గేజి ఇప్పుడు మెట్ట వీథి కొసన, ఆ ముదుసలి యింటి నల్లాకే బిగించియున్నది. ఎండకాలమున పెద్ద ట్యాంకులోని మట్టము దిగినప్పుడు ఏమగునో చూడవలెనని చిన్నవాడు దానిని అక్కడనే విడిచెను. ఆమె మనుమరాలు ఎనిమిదవ తరగతి. నీరు వచ్చిన ప్రతిదినము గంటయు ముల్లు చూపిన అంకెయు నోటుపుస్తకమున వ్రాయుచు, వెనుక అంటించిన కాగితము ననుసరించి అర మీటరు తానే తీసివేయుచున్నది. రాని దినమునకు "రాలేదు" అని వ్రాయును. అట్టివి ఈ నెలలో రెండున్నవి. గడచిన నీటి దినపు అంకె 14.